గుమ్మం దగ్గర ఇద్దరు

రాత్రి రెండున్నర. కేజీహెచ్ ల్యాబులో
ఫ్రిజ్ ఒక్కటే గొణుక్కుంటోంది.
నా చేతిలో ఒక గొట్టం,
గొట్టంలో అర్జిల్లి ఎల్లాజీ రక్తం.
పొటాషియం రెండు పాయింట్ ఆరు.
మళ్ళీ చేశాను. రెండు పాయింట్ ఆరే.

సాయంత్రం స్ట్రెచర్ మీంచి అన్నాడు:
"లైట్‌హౌసు దీపానికి ఎవలో పసుపు రాసేసినారమ్మా.
సంద్రం కూడా పసుపు నీళ్ళలాగ ఉంది."
డ్యూటీ డాక్టరమ్మ నవ్వలేదు,
మందుల చీటీ చూపించమంది.
గుండె మాత్ర, రోజుకి సగం.
ఈయన ఒకటిన్నర మింగుతున్నాడు.
"సగం మాత్రకి సగం బలవే కదేటి?"
పైగా మూడ్రోజులుగా విరేచనాలు.

నలభై ఏళ్ళు ఫిషింగ్ హార్బర్లో ఐసు మోసినవాడు.
ఆయనకి నేను చెప్పగలిగితే ఇలా చెప్పేదాన్ని:

తాతా, నీ గుండెలో ఒక్కో కణం గోడకీ
నీలాంటి కూలీలు లక్షల మంది.
మూడు పెట్టెలు దించుతారు,
రెండు దిమ్మలు ఎక్కిస్తారు.
పెట్టెల్లో సోడియం, దిమ్మల్లో పొటాషియం.
తిప్పుకి ఒక ఏటీపీ కూలి, రొక్కం,
అరువు మాటే లేదు.
లోపలి తలుపు మూసుకున్నాకే
బయటి తలుపు తెరుచుకుంటుంది.
రెండూ ఒక్కసారే తీస్తే పడవ ఏమవుతుందో
నీకు నేను చెప్పాలా.

బయటి తలుపు తెరుచుకున్న ఆ కాస్తలో
నీ మాత్ర వచ్చి గడప మీద కూర్చుంటుంది.
దిమ్మలు దండిగా వస్తుంటే
దానికి చోటు దొరకడం కష్టం.
నీ ఒంట్లో ఇప్పుడు దిమ్మలే కరువు.
కొందరు కూలీల చేతులు ఆగితే
అలిసిన గుండె కాస్త గట్టిగా పిడికిలి బిగిస్తుంది,
అందుకే డాక్టరు రాసింది.
ఎక్కువమంది ఆగిపోతే
డప్పు తాళం తప్పుతుంది.
ఆ రెండింటి మధ్య ఎడం
నీ వల దారమంత కూడా లేదు.

మొన్న మందుల స్టోర్‌లో ఎలుక పడి
అవే మాత్రలు, ఒక అట్ట, కొరికేసింది.
పాలకుర్తి సన్యాసయ్య చీపురుతో
శవం కోసం బీరువాల కింద గాలించాడు.
ఇవాళ అది పైపు మీంచి
నన్ను చూసి మీసం దువ్వుకుంది.

దాని పంపూ మన పంపూ అక్కచెల్లెళ్ళు.
వెయ్యికి పైగా పూసలున్న దండ,
పూసకి పూస ఇంచుమించు ఒకటే.
తేడా గుమ్మం దగ్గరుంది:
నూట పదకొండు, నూట ఇరవై రెండు.
మన గుమ్మంలో గ్లుటమిన్, ఆస్పరాజిన్,
ఆవేశం లేని మెతకవాళ్ళు,
వచ్చినవాడు ఎవరైనా పీట వేస్తారు.
ఎలుక గుమ్మంలో ఆర్జినిన్, ఆస్పార్టిక్ ఆమ్లం,
ఒకడికి ధనావేశం, ఒకడికి ఋణావేశం.
మాత్రని కుదురుగా కూర్చోనివ్వరు.
ఇద్దరంటే ఇద్దరే.
మనకి సరిపోయే విషం
దాని గుండెకి వెయ్యింతలు కావాలి.

యూనివర్సిటీలో ఉన్నప్పుడు
ఈ ఆవేశం మాటకి వెనక బెంచీలో నవ్వుకునేవాళ్ళం.
ఆ పూసలు మార్చి చూడాలనుకున్నాను,
ఫెలోషిప్ రాలేదు, ఉద్యోగం వచ్చింది.
ఇంకో సంగతి కూడా చదివాను:
ఎలుక నరాల్లో వేరే రకం పంపు ఉంటుందట,
ఆ గుమ్మంలో కాపలా లేదు.
సన్యాసయ్యకి ఇది చెప్పలేదు.

తెల్లవారుజామున సెలైన్లో పొటాషియం
చుక్క చుక్కగా ఎక్కించారు.
ఆరున్నరకి రెండో గొట్టం. మూడు పాయింట్ నాలుగు.
కాగితం ఇవ్వడానికి నేనే వార్డుకెళ్ళాను,
వెళ్ళక్కర్లేదు నిజానికి.

"దీపం ఇప్పుడెలా ఉంది తాతా?"
కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ వైపు చూశాడు.
"పొద్దెక్కింది గదేటి గుంటా, ఆపేసినారు.
రాత్రికి గానీ తెల్దు."
కాసేపాగి
"సంద్రం మటుకు
సంద్రంలాగే ఉంది."