ఎనిమిదో నంబరు

రాత్రి మూడింటికి
ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో
దిమ్మలు మరలో పడి నలిగే చప్పుడు.
నాలుగింటికల్లా బోట్లు కదలాలి.
గేటు దగ్గర నేను రిజిస్టరు రాస్తాను,
ఎన్ని దిమ్మలు, ఏ బోటుకి, ఎవరి సంతకం.
పటాలంలో పనిచేసినవాడి లెక్క తప్పదని
మా ఓనరు నమ్మకం.

ఎల్లాజీ మర ఆపి అడుగుతాడు:
"తాతా, మిలట్రీలో ఎంతమందిని సంపీసినావు?"
వాడికి పద్దెనిమిదేళ్ళు,
మీసం వచ్చీరానట్టుంది.
ఆ ఒక్క లెక్కే నా దగ్గర లేదురా.
మంచు పొగలోకి కాల్చాం.
అటునుంచి కాల్పులు ఆగాయి.
ఆగాయంటే ఏమిటో
తెల్లారేదాకా ఎవరం చూడలేదు.

తెల్లారింది.
ఒకడు రాతికి చేరబడి కూర్చున్నాడు,
పెందుర్తి కూడలిలో ఆఖరి బస్సు తప్పినవాడిలా.
కనురెప్పల మీద మంచు.
గుండు నాదా, దండాసిదా?
ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.
ఒకరి తుపాకీ వైపు ఒకరం చూడకుండా
అతని బూట్ల వైపు చూశాం.

నా బూటు అడుగు ఊడి నాలుగు రోజులు.
గోనెపీలిక చుట్టుకుని నడుస్తున్నాను.
రెండు వేళ్ళు అప్పటికే నల్లబడ్డాయి.
"ఇప్పీ," అన్నాడు దండాసి,
"ఆడికింక నడిసీ పన్లేదు."
తాళ్ళు గడ్డకట్టాయి.
చచ్చినవాడి పాదాల దగ్గర మోకాళ్ళూని
పళ్ళతో ముడి విప్పాను.
ఏ పతకం వెనకా ఇది రాయరు.

లోపల మేజోడు.
నీలం ఉన్ని. మడమ దగ్గర చిరిగితే
ఎవరో పసుప్పచ్చ దారంతో కుట్టారు.
నీలం దొరకలేదేమో,
దొరికేదాకా ఆగే వ్యవధి లేదేమో.
చిన్న చిన్న పోగులు, గట్టి కుట్టు,
చిరిగిన వలకి మా అయ్య వేసే ముడుల్లా.
మేజోళ్ళు మాత్రం తీయలేదు.
దయ అనుకునేరు.
భయం.

బూట్లు ఎనిమిదో నంబరు.
నాదీ ఎనిమిదే.
అంత బాగా అమరిన జత
సర్కారు నాకెన్నడూ ఇవ్వలేదు.
వాటితోనే కొండ దిగాను.
మిగిలిన వేళ్ళు వాటి పుణ్యమే.

దండాసి మిగల్లేదు.
కాల్పులు ఆగిన మూడోనాడు
కిరసనాయిలు డబ్బా మోస్తూ కాలుజారాడు.
వైజాగ్ స్టేషన్లో పెట్టె దించుకున్నప్పుడు
కాగితం మీద వీరమరణమని ఉంది.
వాళ్ళమ్మ అడిగింది ఒక్కటే:
"సలిగా ఉంటాదేటి బాబూ, అక్కడ?"
లేదమ్మా, అన్నాను.
సర్వీసు మొత్తంలో
తడబడకుండా చెప్పిన అబద్ధం అదే.

మొన్న నేవీ డే నాడు
మనవరాలిని భుజానెక్కించుకుని బీచికెళ్ళాను.
హెలికాప్టర్లోంచి తాళ్ళు పట్టుకుని దిగారు కుర్రాళ్ళు.
నీళ్ళ మీద ఉత్తుత్తి మంట లేచింది.
మెరుపుకీ మోతకీ మధ్య
నాలో ఎవడో అంకెలు లెక్కపెట్టాడు.
పిల్ల చప్పట్లు కొట్టింది. జనం కొట్టారు.
నేనూ కొట్టాను.
ఎందుకు కొట్టానో
ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఆలోచించాను.
కుర్రాళ్ళు బాగా దిగారు. అంతే.
అందరి కాళ్ళకీ మంచి బూట్లున్నాయి.

ఇవాళ ఓనరు గమ్‌బూట్లు పంపాడు.
అందరూ తీసుకోగా
అట్టపెట్టెలో మిగిలింది ఒక్క జత.
తిరగేసి అంకె చూశాను.
నాది తొమ్మిది, అన్నాను.
కొండ దిగి వచ్చినప్పట్నుంచీ
పూర్ణా మార్కెట్లో ఏ కొట్టుకెళ్ళినా తొమ్మిదే చెబుతున్నాను.
ముందు కాస్త దూది కుక్కుకుంటాను.

ఎల్లాజీ ఉత్తికాళ్ళతో ఐసు నీళ్ళలో నిలబడి ఉన్నాడు.
నువ్వు తొడుక్కోరా, అన్నాను.
తొడుక్కున్నాడు. రెండడుగులు గెంతాడు.
"సరిగ్గా సరిపోనాయి తాతా!"

నేను తలెత్తలేదు.
రిజిస్టరులో తర్వాతి బోటు పేరు రాసుకుంటూ
మేజోళ్ళున్నాయేట్రా నీకు,
అని మాత్రం అడిగాను.