పది అడుగుల ఎనిమిదంగుళాలు

ఆటోనగర్లో నాగుల్ మీరా షెడ్డు.
పాత స్కూలు బస్సొకటి
సీట్లన్నీ ఊడి, బోసినోటితో నిలబడ్డది.
నాలుగు నెలల్లో దానికి
మంచం మొలిచింది, గ్యాసు పొయ్యి మొలిచింది,
నెత్తిన నీళ్ల ట్యాంకు, పక్కన ఏసీ పెట్టె.
చివర్న మీరా టేపు పట్టి కొలిచి
పెన్సిలు చెవిలో దోపుకుంటూ అన్నాడు:
"పది అడుగుల ఎనిమిదంగుళాలమ్మా.
మీ ఆయన పుట్టినరోజు మర్చిపోయినా పర్లేదు, ఇది మర్చిపోకండి."

నవ్వి, మర్చిపోయాను.

వారధి మీద ఫోను గొంతు తియ్యగానే ఉంది.
మంగళగిరి దాటాక ఊళ్ల పేర్లు నోరు తిరగలేదు దానికి.
పెదకాకానిని అదేదో మందు పేరులా పలికితే
ప్రభుదాసు స్టీరింగు మీద కొట్టి
"కాకాని! కా-కా-ని!" అని దిద్దాడు,
అది వింటున్నట్టే.

గుంటూరు మొదట్లో దారంతా ఎర్రగీత.
"ఆరు నిమిషాలు ఆదా" అంది.
ఆరు నిమిషాల్తో ఏం చేసుకుంటామని
ఇద్దరం అడగలేదు.
తిరిగాం.

సందు. మందుల షాపు రేకు గీసుకుంది.
కేబుల్ తీగ ఏసీ పెట్టెను కరుచుకుని
కొంతదూరం మాతో వచ్చింది.
సందు చివర రైలుకట్ట, కట్ట కింద దారి.
ఎత్తు రాసిన బోర్డు మీద ఎవరో
ట్యూషన్ పోస్టరు అంటించారు.
మూడు మీటర్ల చిల్లర.
ఆ చిల్లరెంతో
లెక్కల మాస్టారి మీసం కింద ఉంది.

"నేరుగా వెళ్లండి."
"నేరుగా వెళ్లండి."

అప్పుడు అర్థమైంది నాకు.
దాని కళ్లకి మేం ఒక నీలం చుక్క.
స్కూటరైనా చుక్కే, శవపేటిక బండైనా చుక్కే.
చుక్కకి నెత్తి ఉండదు.

వెనక మిరప టిక్కీల లారీ. హారను, ఘాటు,
సందు సందంతా తుమ్ములు.
క్లీనరు కుర్రాడు ఏసోబు
తీగలెత్తే వెదురు కర్రతో దిగాడు.
ఒక్క ఊపున మా ట్యాంకెక్కి, పడుకుని,
ఒంటికన్నుతో చూసి కేకేశాడు:
"నాలుగేళ్లు తక్కువ!"
కాలంలో కాదు, చేతి వేళ్లలో.

లారీ వెనక్కి జరిగింది. ఇడ్లీ బండి జరిగింది.
"రానీ... రానీ... రానీ... ఆపు!"
"మా ఎనకాల యార్డు దాకా రండి, అక్కా.
మిరగాయలు పట్టిన దారిలో మీ ఇల్లు పట్టదా?"
ఫోను మాత్రం తన ధోరణిలో
మార్గాన్ని మళ్లీ లెక్కిస్తూనే ఉంది.

రాత్రి బైపాసు పెట్రోలు బంకులో బండాపి
ఇంకో యాప్ వెతికాను. ప్రశ్నల మీద ప్రశ్నలు:
ఎత్తెంత, వెడల్పెంత, బరువెంత,
గ్యాసు సిలిండరుందా?
పెళ్లిచూపుల్లో కూడా నన్నిన్ని అడగలేదు.
"దారి చెప్పడానికి ఏడాదికింత డబ్బా?
మనిషినడిగితే ఊరికే చెబుతాడు" అన్నాడు ప్రభుదాసు.
"మనిషి చెప్పేది 'ఇక్కడే, దగ్గర్లోనే' అని"
అన్నాను. డబ్బు కట్టాను.
నల్లమలలో సిగ్నలుండదని
బంకు కుర్రాణ్ణి బతిమాలి, వాళ్ల వైఫైలో
అడవంతా ఫోన్లోకి దించుకున్నాను.
పడుకునే ముందు అద్దం మీద గోళ్లరంగుతో రాశాను:
10-8. కింద, మీటర్లలో: 3.25.
మిగిలిన రంగుతో
ఏసోబు ఇచ్చిపోయిన కర్రకో గీత.

పొద్దున్నే మళ్లీ ఒక వంతెన.
కొత్త గొంతు "పడుతుంది" అంది.
పడుతుందేమో. రోడ్డు మీద ఈమధ్యే
ఇంకో పొర తారు పోశారని దానికెవరు చెప్పారు?

కర్ర పట్టుకుని దిగాను.
వెనక ఆటోలు, బైకులు, తిట్లు.
వంతెన కింద నీడలో నడుస్తుంటే
పైన గూడ్సు దడదడలాడింది, మసి రాలింది.
కర్ర కొస ఎక్కడా తగల్లేదు.

అవతలి ఎండలోకొచ్చి వెనక్కి తిరిగి
చెయ్యూపాను:
రానీ. రానీ.