ఈల

ఆదివారం పొద్దుగూకినంక
వనపర్తిల కుర్మూర్తి జిరాక్స్ దుకాణం షట్టరు సగం దించి
ఆరుగురం కూసుంటం.
మిషను ఇంకా వేడిగనే ఉంటది,
దాని మీదనే చాయ్ గ్లాసులు.

ఈ నెల రాజుల సంగతి చదువుదామనుకున్నం.
నస్రీన్ టీచరు కోఠి ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన
తెలుగు చేసిన పాత పుస్తకాలు రెండు:
ఇటలీ నుంచి ఫ్రాన్సుకు కోడలై పోయిన పిల్లది ఒకటి,
అద్దాల మేడ కట్టించుకున్న ఫ్రెంచి రాజుది ఇంకోటి.
రెండిటికీ వెన్ను ఊడింది.
రాజుదాన్ని చెదలు తిన్నయి, అట్ట మీది కిరీటం కాణ్ణుంచే.

"పద్నాలుగేండ్లకు పెండ్లి," నస్రీన్ చదివింది,
"పదేండ్లు కడుపు పండలే.
మందులు, మాకులు, జోస్యాలు.
ఎనక్కి పంపుదామని దర్బారుల గుసగుసలు."
సవరమ్మ గోడ మీది రేట్ల బోర్డు దిక్కు చూసింది:
ఒక దిక్కు రెండు రూపాయలు, రెండు దిక్కులా మూడు.
"నాకు గిదొద్దు," అన్నది.
ఎందుకని ఎవరం అడగలే.

కుర్మూర్తికి రాజులంటేనే పడదు.
మా ఊరి రాజుగారి బంగ్లాలనే పాలిటెక్నిక్ చదివిండు.
"అంత పెద్ద గచ్చు మీద షీటు పరిచి
బోల్టు బొమ్మ గీసినోణ్ణి,
నాకు మేడలు చూపిస్తరా?" అన్నడు.
వాళ్ళ అవ్వ వెట్టికి నీళ్లు మోసిన ముచ్చట మళ్లొకసారి చెప్పిండు.
ప్రతి నెలా చెప్తడు.
ప్రతి నెలా కడవలు రెండు మూడు పెరుగుతయి.

అంతవరకు మాట్లాడని ఆసన్న
రాజు పుస్తకం నడిమిట్ల తెరిచి
వేలు పెట్టి, కూడబలుక్కుంట చదివిండు:
తోటల వందల ఫౌంటెన్లు.
అన్నిటికీ సరిపోను నీళ్లు లేవు.
రాజు మలుపు తిరగంగనే
పొదల ఎనక నిలబడ్డ పోరగాండ్లు ఈల వేసేటోళ్లు.
ఈల విని ముందటిది విప్పేటోళ్లు,
రాజు దాటంగనే ఎనకటిది బంద్.
రాజు బతికినన్ని దినాలు
ఆయన కండ్ల ముందర అన్నీ ఎగురుతనే ఉన్నయి.

ఆసన్న ఆగిండు.
మునిసిపాలిటీల వాల్వు తిప్పేది ఆసన్ననే,
పందొమ్మిదేండ్ల సంది.
మా గల్లీకి రెండు దినాలకొకపారి.
"మాకు ఈల గాదు, ఫోనొస్తది," అన్నడు. "గంతే తేడ."

నవ్వాల్నా వద్దా తెల్వక
అందరం చాయ్ తాగినం.

"ఆ పోరగాండ్ల పేర్లున్నయేమో సూడు సార్."
రిటైరైన సర్వేయరు బాల్‌కిషన్ సారు
కండ్లద్దాలు నెత్తి మీదికెక్కించి
చివరి పేజీల చిన్నచ్చరాలన్నీ గాలించిండు.
రాజు కుక్కల పేర్లు రెండున్నయి.
ఈల వేసినోళ్లయి లేవు.

ఓటుకు చింతగింజలు, రెండు ఖాళీ గ్లాసులు.
లెక్క నాది. అంగన్‌వాడీల గుడ్ల లెక్క రాసే చెయ్యి గద.
కోడలు పిల్లకు మూడు.
రాజుకు నాలుగు.
ఆరుగురికి ఏడు గింజలెట్లయినయని
సర్వేయరు సారు గూడ అడగలే.
నేను గ్లాసులు కడుగనీకి లేసిన.

పోయేటప్పుడు చూస్తే
కోడలి పుస్తకం బల్ల మీద లేదు.
సవరమ్మ కుట్టుపని సంచి
ఒక పక్కకు ఒరిగి ఉన్నది.

మూడు వారాలకు రాజు నా వంతుకొచ్చిండు.
ఈల ఉన్న పేజీ మీద
వాల్వు గ్రీజు, బొటనవేలంత.
నేను దాన్ని తుడవలే.
పక్కన అంచుల, పెన్సిలుతోని,
గట్టిగ ఒత్తి రాసిన రెండు పేర్లు:
మైబు. చిన్న మాసన్న.
మా గల్లీ మలుపుల
తెల్లారకముందే ఇనుప మూత లేపేటోళ్లు.