బొటనవేలి గుంట

గాజులమండ్యం షెడ్డులో మేము పోసేది
నీళ్ళ ట్యాంకులు, బస్సు బంపర్లు.
పడవ అడుగు ఎట్లుంటుందో ఎక్కినోడికి తెల్దు.
నీళ్ళకు తెలుసు, అవి కింద నుంచి చూస్తాయి.

ఎనభై ఏడులో మద్రాసు నుంచి లారీ మింద వచ్చింది
తెల్లటి మోటారు బోటు. పులికాట్‌లో షికారుకంట.
ముక్కు పగిలింది, అతుకేసి మూడు దినాల్లో ఇమ్మన్నారు.
దొరవేలు మేస్త్రి దాన్ని బోర్లించి
సూడావును నిమిరినట్టు కడుపు నిమిరినాడు.
"రేయ్ పార్థూ, మైనం తే."

ఆ రాత్రి కరెంటు లేదు.
పెట్రోమాక్సు దూరంగా పెట్టి, రెజిన్ కంపులో
మైనం రుద్ది, జెల్‌కోటు పూసి, మ్యాట్ మింద మ్యాట్ పరిచి
గట్టిపడేదాకా తడుముతా కూచున్న్యాం.
వేళ్ళు ఒకదానికొకటి అంటుకున్నాయి.
అచ్చు ఊడేటప్పుడు ఒక సద్దు వస్తుంది,
పనసకాయ చీలినట్టు, అంతకన్నా తడిగా.
దొంగతనం సద్దని తెల్దు నాకు.
కాన్పు అనుకున్న్యా.

ఎడమపక్క, వెన్నుకు జానెడు దూరంలో
బొటనవేలంత గుంట.
"పుట్టీ పెట్టి పూడ్చేద్దామా?" అంటే
"ఉండనీరా, దిష్టిచుక్క" అన్న్యాడు మేస్త్రి.

పద్నాలుగు బోట్లు పోసినాం ఆ అచ్చులో.
పదిహేనోది అడగడానికి ఎవురూ రాలా.
చిత్తూరులో ఏకాంబరం సగం రేటుకే ఇస్తా ఉండాడంట.
మేస్త్రి బూతులు తిట్టుకుంటా బస్సెక్కినాడు.
రాత్రి తిరిగొచ్చి, చెయ్యి కడుక్కోకుండానే కూచోని
"వాడూ గుంట పూడ్చలేదురా" అన్న్యాడు.
అంతే. మళ్ళా ఆ మాట ఎత్తలా.

మరుసటేడు మద్రాసు ముసిలాయన దిగినాడు,
ఆ తెల్ల బోటు కట్టిన ఎతిరాజులు.
మేస్త్రి మొగం పాలిపోయింది. కాఫీ తెప్పించినాడు,
ఆయన తాగలా.
మోకాళ్ళ మింద కూచోని మా బోటు కింద చెయ్యి పెట్టి
తడిమి, ఆ గుంట కాడ ఆగినాడు.
బొటనవేలు ఆనించినాడు. సరిపోలా.

"నాది కాదప్పా. నేను అచ్చు తీసేటప్పటికే ఉండె.
కొచ్చి హార్బర్‌లో, ఎవురో దొర బోటు."
అప్పుడు తాగినాడు, చల్లారిన కాఫీ.

మొన్న ఎండాకాలం భీమునివారిపాళెం పోయినా.
సరస్సు వెనక్కి జరిగి, మెరకలో పాత బోట్లు బోర్లా పడుండాయి.
మావి, ఏకాంబరంవి, ఎవురివో.
రంగులు పోయినాక అన్నీ ఒకటే.
ప్రతి గుంటలోనూ నీళ్ళు నిలిచి, ఎండి
చిటికెడు ఉప్పు.
నాలిక్కి రాసుకుంటే
నిండా చేదుగా ఉండె.