మూడో కాగితం

నా పని చుట్టడం.
కప్పుకు రెండు కాగితాలు, సాసరుకు ఒకటి,
టీపాట్ ముక్కుకు విడిగా చిన్న తలపాగా.
బొహీమియా కొండల కింద ఈ బట్టీల ఊళ్ళో
ఇరవై ఆరేళ్ళుగా
పరాయి వంటిళ్ళకు వెళ్ళే పింగాణీ అంతా
నా చేతుల మీదుగానే గడప దాటింది.

ప్రతి సెప్టెంబరుకీ డెన్మార్క్ నుంచి ఆ ఇద్దరూ.
ఇంగెలీస, బడి పంతులమ్మ, రిటైరైంది.
థోర్కిల్, ఓడరేవులో తూకాల గుమాస్తా,
అతనూ రిటైరయ్యాడు గానీ
కళ్ళలోంచి త్రాసు ఇంకా దిగలేదు.

ఆమె పళ్ళెం ఎత్తి దీపానికి అడ్డం పెడుతుంది.
అవతల తన వేళ్ళ నీడ కనిపిస్తే
"చూశావా" అంటుంది, పళ్ళేన్నో, అతన్నో.
గోటితో అంచు మీటి
ఆ మోత ఆగేదాకా ఊపిరి తియ్యదు.
అతను నోటుబుక్కు తీస్తాడు.

మన ఊళ్ళో ఇది పన్నెండు వందలు,
ఇక్కడ మన డబ్బులో నాలుగు వందల డెబ్బై.
సరే. రైలు, ఇద్దరికి. ప్రాగ్‌లో ఒక రాత్రి.
బస్సు. నీ మోకాలికి పట్టీ.
"బీరు రాయి" అంటుంది ఆమె.
బీరు రాస్తాడు.
రెండోది రాయడు.

కూడి, గీత గీసి, గీత కింద ఇంకో గీత గీసి
పుస్తకం నా వైపు తిప్పుతాడు
నేనేదో న్యాయమూర్తినైనట్టు.
అంకెలకు భాష అక్కర్లేదు:
పావలా కోడికి ముప్పావలా మసాలా.
"ఇంటి పక్క కొట్లో కొంటే మిగిలేది" అంటాడు
నాకూ తెలియాలని, వచ్చీ రాని జర్మన్‌లో.
"ఇంటి పక్కయితే నువ్వు బీరు కొనిపెట్టవు" అంటుంది.

సెకండ్స్ అల్మారా దగ్గర మరో గంట.
అడుగున ముద్ర మీద అడ్డంగా గీకినవి, సగం ధర.
ఓ గిన్నెలో లోపం వెతికి వెతికి దొరక్క
ఆమెకు కోపం వచ్చింది,
"ఏ తప్పూ లేకుండా ఎందుకు తగ్గించారు?"
చూపించాను. పిడి మడతలో, ఆవగింజంత నల్ల చుక్క.
శాంతించింది. కొనేసింది.

ఆమె బాత్రూముకు వెళ్ళగానే
ఏటా మొదలయ్యేది రెండో బేరం.
ఆరడుగుల మనిషి, పిల్లిలా నడిచి
మొదటి రకం అల్మారా చేరతాడు.
నీలి గడ్డిపూల కప్పు. ఒకే ఒక్కటి. పూర్తి ధర.
రసీదు వద్దు.
చలికాలం గిన్నెలు కడిగేది తను.
ఏటా ఒకటి జారుతుంది.
ముక్కలు కోటు జేబులో మోసుకెళ్ళి
రేవు నీళ్ళలో వదిలేస్తాడట.
"ఆమె లెక్కపెట్టుకోదా?" అన్నానొకసారి.
"లెక్కలు నా శాఖ" అన్నాడు.

ఈ ఏడు బాత్రూముకు తాళం.
పైపులు మారుస్తున్నారు.
తలుపు మీద కాగితం ఆమె చదివింది. 
చదివి, పెరటి తలుపు తీసుకుని
వానలోకి నడిచింది.
కిటికీలోంచి చూస్తున్నాను:
బట్టీ గోడకు వీపు ఆనించి,
నెత్తిన చేతిసంచి పెట్టుకుని,
వాచీ చూసుకుంటోంది.

ఇక్కడ అతను డబ్బు లెక్కపెడుతున్నాడు, తొందరగా,
"వచ్చేస్తుందేమో" అంటూ.
రాదులే, అనలేదు నేను.

గీత లేని ముద్ర ఉన్న ఆ ఒక్క కప్పునూ
గీతలున్న పదకొండింటి మధ్య దాచి పెట్టాను.
దానికి మూడు కాగితాలు చుట్టాను.