ఎనిమిదొందల నంబరు

తాడిపత్రిలో షెడ్డాయన
కారు చుట్టూ ఒక్క చుట్టు తిరిగి
పద్దెనిమిది వేలన్నాడు.
కారు కొన్నదే ముప్పై రెండుకు.
నా జేబులో ఉన్నది రెండువేల ఆరునూర్లు,
అందులో ఒక నోటు చినిగింది.

ఆ తుప్పును చూసి
అనంతపురం పెద్దాస్పత్రికి పోయే రోగులు కూడా
ఆటోనే మేలని దిగిపోతాండారు.
ఇంటి ముందరే రంగేసుకుంటా అన్నా.

మాబున్ని ఏమీ అన్లేదు.
చాట పక్కన పెట్టి వచ్చి
బానెట్ మీద అరచెయ్యి ఆనించి
కండ్లు మూసుకుంది, జరం చూసినట్టు.
"ఈడ లోతు. ఈడ గడ్డ.
ఈడ ఎవుడో సుత్తితో కొట్టినాడు" అనింది.

పద్నాలుగేండ్లు నాపరాళ్లను నున్నగా చేసిన చెయ్యి.
పాలిష్ ఫ్యాక్టరీ నీళ్లలో నాని నాని
వేలిముద్రలు అరిగిపోయినాయి.
రేషన్ మిషను ఆమెను గుర్తుపట్టదు,
నెలనెలా నేనే పోయి వేలు పెట్టాల.
ఆ చేతికి మాత్రం
వెంట్రుకంత గీతైనా తెలిసిపోతాది.

తుప్పుకు నూటిరవై నంబరు ఉప్పుకాగితం,
లప్పానికి నాన్నూరు,
ఆఖరికి ఎనిమిదొందలు.
కారు పేరూ అదేనని అంగడాయన నవ్వినాడు.
నవ్వినాడే గానీ రూపాయి తగ్గల్యా.

నేను గుండ్రంగా రుద్దుతాంటే
మోచెయ్యి పట్టుకొని ఆపింది.
"ఒకే దిక్కుకు. నీళ్లు ఆపొద్దు.
రాయి పాలు వదిలినట్టు వదుల్తాది సూడు."
వదిలింది.
తెలుపు కింద ఎరుపు,
ఎరుపు కింద ఎవరో మోజుపడి కొనుక్కున్న ఆకుపచ్చ,
ఎడమ తలుపు మీద
సగం చెరిగిన అక్షరాలు: డ్రైవింగ్ స్కూ...
ఎంతమంది ఈ స్టీరింగు పట్టుకొని
రెండో గేరు పడక చెమటలు కక్కినారో!
కాల్వలో నీళ్లు ఎర్రగా తిరిగితే
ఎవరికేమైందోనని పక్కింటి ఓబులమ్మ పరిగెత్తుకొచ్చింది.

పగలంతా మా వీధిలో రాతిదుమ్ము.
పెన్న మీద నుంచి గాలి ఎప్పుడు లేస్తాదో చెప్పలేం.
అందుకే తెల్లారుజామున మూడున్నరకు లేచి
వాకిలంతా నీళ్లు చల్లి దుమ్మును పండబెట్టినాం.
పంక్చరంగడి చాంద్‌బాషా కంప్రెసరు
తోపుడుబండి మీద వచ్చింది.
అది గర్జిస్తే కుక్కలు లేచినాయి,
కుక్కలకు మనుషులు లేచినారు,
వాళ్ల తిట్లు కూడా రంగులో కలిసే ఉంటాయి.
అద్దాలకు పాత పేపర్లు,
లైట్లకు పిల్లోని నోటుపుస్తకం కాయితాలు.
కుడి లైటు మీద తొమ్మిదో ఎక్కం,
తొమ్మిదేళ్లు యాభైమూడు.

మాబున్ని టార్చి పట్టింది.
నేను ఊపిరి బిగబట్టి చెయ్యి కదిలించినా.
నీలం.
ఆ చీకట్లో అది నీలమని
మా ఇద్దరికే తెలుసు.

వెనక తలుపు కాడికొచ్చేసరికి డబ్బా అడుగంటింది.
ఇంకో పావులీటరు కలిపించుకొస్తే
అదే నంబరంటాడు, అదే రంగంటాడు,
ఎండలో పెట్టి చూస్తే ఒక వరస ముదురు.
ఇప్పుడు ఆస్పత్రి కాడ
"ఒక తలుపు నల్లబడిన కారు యాడ?" అని
నన్ను వెతుక్కుంటారు.

ఒక రెక్కల పురుగొచ్చి బానెట్ మీద అంటుకునింది.
నేను గోరు పెట్టబోతే అరిచింది మాబున్ని,
"ఆరనీ! తడి మీద తాకితే
అదీ చస్తాది, రంగూ చస్తాది."

పొద్దెక్కినాక చూస్తే
డ్రైవరు తలుపు అంచున నాలుగు వేళ్ల గుర్తులు.
చీకట్లో టార్చి మార్చుకుంటా ఆనుకునుండాల.
దగ్గరికి వంగి చూసినా.
గీతలు లేవు, సుళ్లు లేవు.
నాలుగు నున్నటి గుంటలు,
వాటిలో ఆకాశం కొంచెం కొంచెం.

ఆమెకూ కనపడింది.
నాలిక కరుచుకొని
"ఆ ఎనిమిదొందలది ఇటియ్యి, రుద్దేస్తా" అనింది.

అయిపోయిందన్నా.
చొక్కా జేబులో
మడత పెట్టిన కాయితం
ఛాతీకి గరగరా గుచ్చుకుంటానే ఉంది.