ఓకారం

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు,
జిరాక్స్ షాపు పైన మూడో అంతస్తు.
కింది గదిలో జావా, పక్క గదిలో ట్యాలీ,
మా గదిలో మాత్రం
మనిషి లోపలి భాగాలు.

మెహజబీన్ మేడం బోర్డు మీద
మూరెడు పొడుగు మాటొకటి రాసి
నిలువు గీతలు గీస్తుంది.
కోడిని కోసేవాడు కీలు చూసి కత్తి పెట్టినట్టు
ఇక్కడ తెగుతుంది, ఇదిగో ఇక్కడ.
గ్యాస్ట్ర్ అంటే పొట్ట. ఐటిస్ అంటే వాపు.
ఆల్జియా, నొప్పి. ఎక్టమీ, కోసి తీసెయ్యడం.
చివర ఓమా ఉంటే గడ్డ,
"గ్లకోమాకి మాత్రం కాదు, కంగారు పడకండి."

నేను ఓరియంటల్ కాలేజీ సరుకుని.
తెలుగు పండిత శిక్షణ అయ్యాక
నోటిఫికేషన్ కోసం ఆరేళ్లు చూసి
చూసిన కళ్లకి అద్దాలొచ్చి
ఇరవై రెండు వేలు కట్టి ఇక్కడ కూర్చున్నవాణ్ణి.
అందరూ అట్టముక్కల మీద రాసుకుని వల్లె వేస్తుంటే
నాకు నవ్వొచ్చింది.
రెండు ముక్కల మధ్య జిగురట, ఓ అనే అచ్చు.
కార్డియో. న్యూరో. గ్యాస్ట్రో.
వెనక వచ్చేదీ అచ్చే అయితే
ఓ తప్పుకుంటుందట.
ఓసి, ఇది మన ఉత్వసంధే!
రాముడు పక్కన ఇతడు వచ్చి నిలబడగానే
ఉకారం సిటీ బస్సులో పెద్దమనిషిలా
లేచి సీటిచ్చినట్టు.

చెయ్యెత్తి చెప్పాను.
మేడం మార్కర్ మూత పెట్టి
"మా ఉర్దూలో ఇజాఫత్ ఉంది" అంది.
"లఖ్త్-ఎ-జిగర్. మధ్యలో ఆ ఎ కూడా జిగురే.
కాలేయం ముక్క అని అర్థం.
అమ్మలు పిల్లల్ని అట్లా పిలుస్తారు."
జిగర్, జిగురు. క్లాసంతా నవ్వింది.

నవ్వనిది ఒక్క సుభాషిణక్క.
నలభై దాటింది, కిటికీ పక్క కుర్చీ.
ఉద్యోగం కోసం రాలేదామె.
తొమ్మిదేళ్లుగా కొడుకు ఫైలు మోస్తున్నది,
చింతల్‌బస్తీ నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి చింతల్‌బస్తీకి.
"అండ్ల ఏం రాసిన్రో
ఒక్కపారన్న నేనే సదువుకోవాలె."

ఆ మంగళవారం బోర్డు మీద: థలసీమియా.
నేనే లేచాను, అలవాటుగా, కొంచెం గర్వంగా.
థలస్సా, గ్రీకులో సముద్రం. ఈమియా, నెత్తురు.
పరం అచ్చు గనక ఓ లోపించింది.
అర్థం, నెత్తుట్లో సముద్రం.

సుభాషిణక్క నావైపు తిరిగింది.
"సముద్రమా?
వాడింకా సముద్రం సూడనే లేదు తమ్మీ.
ఇరవై దినాలకోపారి సంచి ఎక్కిస్తరు.
ఎక్కిన్నాడు ఉరుకుతడు, పట్టరాదు.
పదిహేనో దినానికి మెట్లు గూడ ఎక్కడు.
పాణం ఒడ్డుకు వస్తది, మల్ల ఎనుకకు పోతది."

మధ్యధరా ఒడ్డు మనుషుల్లో ముందు కనిపెట్టారని
మేడం ఏదో వివరిస్తోంది.
నేను విన్లేదు.
ఆటుపోట్లు. ద్వంద్వ సమాసం.
నా పండిత బుర్రకి తట్టని విగ్రహవాక్యం
ఆమె సంచి లెక్కల్లో చెప్పేసింది.
మెల్లగా కూర్చున్నాను.

ఇప్పుడు గచ్చిబౌలిలో రాత్రి డ్యూటీ.
ముఖం తెలియని చార్టులు, గంటకి పన్నెండు.
డి యాభై ఆరు పాయింట్ ఒకటి కొట్టినప్పుడల్లా
ఏసీ గదిలో ఎక్కడిదో
ఉప్పు వాసన.

మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లాను.
ఫైల్లో పేరు మణిదీప్, సందులో పేరు బబ్లూ.
సంచి ఎక్కి రెండు రోజులేనట.
అక్క స్టవ్ మీద టీ పెట్టి
మేడ పిట్టగోడ మీంచి కేకేసింది.
కింద క్రికెట్టు గోలలోంచి, ఏ గోడ చాటునుంచో
వాడు పలికాడు:

ఓ . . . . . . . య్!

ఆ మాటలో లోపించిన అచ్చు
అంత పొడుగుంటుందని
ఏ వ్యాకరణంలోనూ చదవలేదు నేను.

టీ చల్లారిపోయింది.
వాడు మాత్రం రాలేదు,
ఇంకా రెండు ఓవర్లున్నాయట.